హాల్లో పట్టపగలు అర్ధరాత్రి

ఆదివారం. టిఫిన్లు అయ్యేసరికి పదిన్నర. చుట్టాలింట్లో గృహప్రవేశమని నాన్న తెనాలి వెళ్ళారు కాబట్టి హాలంతా నాదే. ఫ్లాష్‌ని కెమెరా నెత్తిమీంచి దించి, పక్కన ఎక్కడైనా పెట్టి, నా ఫోటో నేనే తీసుకోవాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. ఇవాళ కుదిరింది.

కెమెరా మీద కూర్చున్న ఫ్లాష్ అంటే నాకు మొదటి నుంచీ పడదు. లెన్సు ఎటు నుంచి చూస్తోందో వెలుగూ అటు నుంచే వస్తే నీడలన్నీ మనిషి వెనక్కి పోయి దాక్కుంటాయి. ముక్కుకి ఎత్తుండదు, చెంపకి ఒంపుండదు. ఏ ఫోటో చూసినా ఆఫీసు గుర్తింపు కార్డు మీది మొహమే. అదే ఫ్లాష్‌ని ఒక పక్కకి జరిపి కంటికంటే కాస్త ఎత్తులో పెడితే, ముక్కు నీడ అవతలి చెంప మీదికి వాలుతుంది. ఆ కంటి కింద చిన్న ముక్కోణంలో వెలుగు మిగులుతుంది. 17వ శతాబ్దపు డచ్చి చిత్రకారుడి పేరు మీద దీన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. ఇవాళ నాకు కావలసింది ఆ ముక్కోణమే.

ముందు గదిలో ఉన్న వెలుగుని తీసేయాలి. కిటికీలు మూయక్కర్లేదు. ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, షట్టర్ (వెలుగుకి తలుపు తెరుచుకుని ఉండే సమయం) సెకనులో 1/200 వంతు, ఎపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం) ఎఫ్/5.6 పెట్టి ఫ్లాష్ లేకుండా ఒకటి నొక్కాను. నల్లటి నలుపు. బయట ఎండ మండిపోతోంది, ఫోటోలో మాత్రం అర్ధరాత్రి. ఫ్లాష్ వెలిగి ఆరేది సెకనులో వెయ్యో వంతు, ఇంకా తక్కువే. షట్టర్ అంతకంటే ఎంతసేపు తెరుచుకుని ఉన్నా దాని వెలుగు పెరగదు, తరగదు. కిటికీ వెలుగు అలా కాదు, అది వస్తూనే ఉంటుంది కాబట్టి షట్టర్ మాట వింటుంది. ఫ్లాష్ వెలిగిస్తూ షట్టర్‌ని 1/30కి తెస్తే కర్టెన్లు, అమ్మ పూల కుండీ మెల్లగా పైకి తేలాయి, నా మొహం మీది వెలుగు మాత్రం దాదాపు అలాగే ఉంది. ఒకే ఫోటోలో రెండు కుళాయిలు వేర్వేరుగా తిప్పుకోవచ్చన్నమాట. నాకు దీనికంటే సరదా ఇంకోటి దొరకలేదు.

బట్టలారేసే స్టాండు మీద నాన్న తెల్ల పంచె పరిచాను. దాని వెనక స్టూలు, స్టూలు మీద ఫ్లాష్, పవర్ పూర్తి బలంలో 1/16 వంతు. పంచె ఇవతల నేను ముక్కాలిపీట మీద కూర్చున్నాను, వెలుగు పై నుంచి రావాలి కదా. ఫ్లాష్ అద్దం బొటనవేలంత. దాని వెలుగు పంచె మొత్తం పరుచుకుంటే నీడల అంచులు కత్తి గీసినట్టు కాకుండా మెత్తబడతాయి.

"ఏంటే ఈ మెరుపులు? పక్కింటావిడ అడిగింది, మీ ఇంట్లో వెల్డింగ్ పనులేమైనా జరుగుతున్నాయా అని" అంటూ అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఏం లేదమ్మా, ఫోటోలు. నువ్వు కాసేపు ఆ పీట మీద కూర్చోవా, ఫోకస్ పెట్టుకోవాలి."

"నేనా? పొయ్యి మీద పులుసుంది" అని వెళ్ళిపోయింది. పీట వెనక కర్ర నిలబెట్టి, నా కన్ను వచ్చే ఎత్తులో దానికి పేపరు ముక్క అంటించి, అచ్చక్షరాల మీద ఫోకస్ పెట్టి, కెమెరా దాన్ని మళ్ళీ కదపకుండా మాన్యువల్‌కి మార్చేశాను. ఎఫ్/5.6 దగ్గర స్పష్టంగా వచ్చేది అడుగు లోతే. కాస్త ముందుకి వంగితే కళ్ళు మసకబారతాయి.

మా హాలు గోడలు లేత ఆకుపచ్చ. మామూలుగా చూస్తే చల్లగా ఉంటుంది, ఫ్లాష్ ముందు మాత్రం కొంప ముంచింది. పంచె దాటి వెళ్ళిన వెలుగు కుడి గోడకి తగిలి, పచ్చగా తిరిగొచ్చి, నా నీడ వైపు చెంప మీద పడుతోంది. కామెర్ల మనిషిలా ఉన్నాను. పక్కన కుర్చీ వేసి దాని మీద నల్ల చున్నీ కప్పితే పచ్చదనం పోయింది, ముక్కోణం తేలింది. వెనక గోడ సంగతి వేరు. పంచె నుంచి నేను రెండడుగులు, నా నుంచి గోడ ఆరడుగులు. అంటే పంచె నుంచి గోడకి దూరం నాలుగింతలు, వెలుగు దూరం వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి అక్కడికి చేరేది నా మీద పడిన వెలుగులో పదహారో వంతే. ఆకుపచ్చ కాస్తా బొగ్గు రంగైపోయింది. పెయింటర్ని పిలవకుండానే గోడ రంగు మారింది.

అసలు తలనొప్పి కళ్ళద్దాలది. నీడలు మెత్తబడాలంటే పంచె పెద్దదవ్వాలి, పంచె పెద్దదైతే అద్దంలో తెల్ల పలకలా మెరిసే దాని ప్రతిబింబం కూడా పెద్దదవుతుంది. రెండూ కావాలంటే కుదరదు. స్టాండు కింద పాత పుస్తకాలు పేర్చి వెలుగుని పైకి లేపాను, కొంత తగ్గింది. మిగతాది కళ్ళద్దాల కాడలతో అయింది. చెవుల మీద ఆనకుండా కాడల్ని వేలెడు పైకి ఎత్తి జుట్టులో దోపితే అద్దాలు కిందికి వంగుతాయి, పలక ఫ్రేములోంచి జారిపోతుంది. ఎదురుగా చూస్తే ఆ వంపు తెలియనే తెలియదు.

భోజనాలయ్యాక అమ్మ తన పెళ్ళిచూపుల ఫోటో తెచ్చి నా లాప్‌టాప్ పక్కన పెట్టింది, పోటీకన్నట్టు. నలుపు తెలుపు ఫోటో, మూలలు తెల్లగా చిట్లాయి. కళ్ళని భూతద్దంలో చూశాను. ప్రతి నల్లగుడ్డులో రెండు వెలుగు చుక్కలు: ఎడమది పెద్దది, కుడిది చిన్నది. రెండు పక్కలా రెండు లైట్లు పెట్టి, ఎడమ దాన్ని దగ్గరికి లాగి ఉంటాడు ఆ ఫోటోగ్రాఫరు.

"అవునే, ఎడమ పక్కది మొహం మీద వేడిగా కొట్టింది. రెప్ప వెయ్యొద్దమ్మా అంటాడు, కళ్ళు నీళ్ళు కారాయి" అంది అమ్మ. తర్వాత స్క్రీన్ మీద నన్ను చూసి, "ఇంత కష్టపడి సగం మొహం చీకట్లో పెట్టుకోవడమేంటే? ఇది ఎవరికైనా పంపిస్తే ఒంట్లో బాలేదా అని ఫోన్ చేస్తారు" అంది.

అందుకని పిన్నికి పంపడానికి ఇంకోటి తీశాను. నల్ల చున్నీ తీసేసి అక్కడ తెల్ల థర్మోకోల్ షీటు నిలబెడితే నీడ సగానికి సగం తేలికపడింది. పిన్నికి నచ్చింది, నాకు మొదటిదే.

బ్యాటరీలు ఛార్జింగులో పెట్టాను. రేపు ఆఫీసు నుంచి వస్తూ నారింజ రంగు జిలెటిన్ కాగితం కొనాలి. ఫ్లాష్ వెలుగు పగటి వెలుగులా తెల్లగా ఉంటుంది, దేవుడి గది బల్బుదేమో పసుపు. కాగితం ఫ్లాష్‌కి చుడితే రెండూ ఒక దారికి వస్తాయో లేదో చూడాలి. దేవుడి గదిలో గోడలు తెలుపే.