క్లాసులో చేతికి ఏ మౌస్ కావాలి? లేజర్ సంగతి చివర్న చూద్దాం

ప్రెజెంటర్, అంటే చేతిలో పట్టుకుని దూరం నుంచే స్లైడ్లు తిప్పే రిమోట్ కొనడానికి వెళ్లినవాళ్లు షాపులో ముందు అడిగేది "లేజర్ ఎంత దూరం కొడుతుంది?" అనే. నా దృష్టిలో అది అన్నిటికన్నా చివర్న అడగాల్సిన ప్రశ్న. నేను అమీర్‌పేటలో డేటా కోర్సులు చెప్తుంటాను. హాల్లో ఎదురుగా ఒక బ్యాచ్ కూర్చుంటుంది, అదే టైమ్‌లో ఇంకో బ్యాచ్ ఇళ్ల నుంచి ఆన్‌లైన్‌లో చూస్తుంటుంది, పైగా క్లాసంతా రికార్డ్ అవుతుంది. తెర మీద పడే ఎర్ర చుక్క సంగతి లాప్‌టాప్‌కి తెలీదు, కాబట్టి స్క్రీన్ షేర్‌లో రాదు, రికార్డింగ్‌లోనూ ఉండదు. "ఈ కాలమ్ చూడండి" అని చుక్క తిప్పుతూ చెప్పామా, చాట్‌లో "ఏ కాలమ్ మేడమ్?" అని వరసగా మెసేజ్‌లు వస్తాయి. వాళ్లూ అదే ఫీజు కట్టారు, వాళ్లకీ ముందు బెంచీ వాళ్లకి కనపడినంతా కనపడాలి.

హాల్లో కూర్చున్నవాళ్లకైనా లేజర్ సరిగ్గా కనపడుతుందా అంటే, అదీ తగ్గిపోతోంది. ఇప్పుడు చాలాచోట్ల ప్రొజెక్టర్ తీసేసి పెద్ద ఎల్‌ఈడీ ప్యానెల్ పెడుతున్నారు. ప్రొజెక్టర్ తెర మీద పడ్డ వెలుగు నాలుగువైపులా చెదురుతుంది కాబట్టి ఎక్కడ కూర్చున్నా చుక్క కనపడుతుంది. ప్యానెల్ అలా చెదరగొట్టదు, పైగా దాని సొంత వెలుగే ఎక్కువ. ఎర్ర లేజర్ అయితే దాని మీద దాదాపు మాయమైపోతుంది. ఆకుపచ్చది కొంచెం మెరుగు, ఎందుకంటే మన కంటికి 555 నానోమీటర్ల దగ్గర వెలుగు బాగా ఆనుతుంది, ఆకుపచ్చ లేజర్ 532 దగ్గర ఉంటుంది, ఎర్రది 650 దాకా పోతుంది. అందుకే ఒకే పవర్‌తో కొట్టినా ఆకుపచ్చ చుక్కే ఎక్కువ మెరుస్తుంది. అయినా ఆన్‌లైన్ వాళ్లకి అదీ కనపడదు. తీసుకోవాలనే ఉంటే క్లాస్ 2 అని లేబుల్ ఉన్నదే తీసుకోండి, అంటే 1 మిల్లీవాట్ లోపు. లేబుల్ లేని చవక లేజర్లని పిల్లలున్న గదిలోకి తేవద్దు, మెరిసే ప్యానెల్ మీంచి తిరిగొచ్చి ముందు వరస వాళ్ల కళ్లలో పడుతుంది. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా గట్టిగానే వాదిస్తాను.

మరి ఏది కొనాలి? ప్రెజెంటర్ అనే పేరు మీద షాపులో అమ్మేవి అసలు రెండు వేర్వేరు వస్తువులు. ఒకటి క్లిక్కర్. కంప్యూటర్ దృష్టిలో అది నాలుగైదు కీలున్న కీబోర్డ్, అంతే. మీరు ముందుకి నొక్కితే పేజ్ డౌన్, వెనక్కి నొక్కితే పేజ్ అప్ వెళ్తుంది. అందుకే ఏ డ్రైవరూ ఎక్కించకుండానే పనిచేస్తుంది, పీడీఎఫ్‌లో కూడా పేజీలు తిప్పుతుంది. అదే కారణంతో, మధ్యలో ఇంకో విండో తెరిచి ఉంటే మీరు నొక్కిన నొక్కుడు అందులోకి పోతుంది, స్లైడ్ కదలదు. స్లైడ్లు మాత్రమే చూపించేవాళ్లకి ఇది చాలు. లాజిటెక్ ఆర్400 లాంటివి ఏళ్ల తరబడి కాలేజీ సెమినార్ హాళ్లలో నడుస్తున్నాయంటే అందుకే.

కానీ నాలాగా మధ్యలో స్లైడ్లు ఆపేసి ఎక్సెల్ షీట్ తెరిచి, క్వెరీ రన్ చేసి, రిజల్ట్‌లో ఫలానా అడ్డువరస చూపించి మళ్లీ స్లైడ్‌కి వచ్చేవాళ్లకి క్లిక్కర్ సగం పనే చేస్తుంది. ప్రతిసారీ టేబుల్ దగ్గరికి నడవాలి, వంగి టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టాలి, ఈలోపు క్లాసుకి వీపు చూపించాలి. అలాంటివాళ్లకి కావాల్సింది రెండో రకం, అంటే గాలిలోనే కర్సర్‌ని కదిలించే ఎయిర్ మౌస్. లోపల చిన్న గైరోస్కోప్ చిప్ ఉంటుంది, అది మణికట్టు ఎటు, ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచి కర్సర్‌ని అంత జరుపుతుంది. మీరు తెర వైపు గురి పెట్టారా లేదా అన్నది దానికి అక్కర్లేదు. క్లాసు వైపు తిరిగి, చెయ్యి నడుము దగ్గరే ఉంచుకుని మణికట్టు కొద్దిగా తిప్పితే చాలు. నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే, చెప్తున్నంతసేపూ పిల్లల ముఖాలు చూడొచ్చు, ఎవరికి అర్థమైందో ఎవరికి కాలేదో అక్కడే తెలిసిపోతుంది.

దీనికీ కొన్ని తలనొప్పులున్నాయి. చవకవాటిలో చెయ్యి కదపకపోయినా కర్సర్ మెల్లగా ఒక పక్కకి పాకుతుంది. అందుకని బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే కర్సర్ కదిలే మోడల్ చూసుకోండి, వదలగానే ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. ఇంకోటి, క్లిక్ కోసం బొటనవేలు నొక్కగానే మొత్తం పరికరం రవ్వంత కిందకి వంగుతుంది, దాంతో కర్సర్ పక్క గడిలోకి జారుతుంది. మంచివాటిలో క్లిక్ చేసే క్షణం కర్సర్‌ని బిగించేస్తారు. దీన్ని షాపులోనే పరీక్షించొచ్చు. ఎక్సెల్ తెరిపించి, ఏదో ఒక గడి మీద వరసగా క్లిక్ చేస్తూ పోండి, తర్వాత విండో మూలన ఉండే ఇంటూ గుర్తు మీదకి వెళ్లి ఆగండి. రెండూ తేలిగ్గా జరిగితే ఆ మౌస్‌తో క్లాసు చెప్పొచ్చు. చెయ్యి వణికేవాళ్లకి బొటనవేలి కింద చిన్న బంతి ఉండే ట్రాక్‌బాల్ రకం ఇంకా హాయి.

అందుకే దీన్ని ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొనమని నేను చెప్పను. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లండి, మీ లాప్‌టాప్ కూడా తీసుకెళ్లండి. "మేడమ్, గ్రీన్ లేజర్ ఉంది, వంద మీటర్లు కొడుతుంది, తీసేసుకోండి" అంటారు, సరేనని చెప్పి రిసీవర్ (మౌస్ సిగ్నల్ అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క) మీ లాప్‌టాప్‌కి పెట్టించి మీ పని మీరు చెయ్యండి. చూడకుండా బటన్లు తడిమి చూడండి. ముందుకి వెళ్లేది పెద్దగా, వెనక్కి వెళ్లేది చిన్నగా, లేదా ఒకటి గుంటగా ఒకటి ఉబ్బుగా ఉండాలి. రెండూ ఒకేలా ఉంటే వద్దు. లైట్లు ఆర్పిన గదిలో వేలికి తెలిసిందే తెలిసినట్టు.

మౌస్ సిగ్నల్ రిసీవర్‌కి ఎంత దూరం నుంచి అందుతుందని డబ్బా మీద రాసేది ఖాళీ మైదానంలో లెక్క. ఇవి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద నడుస్తాయి, వైఫై, బ్లూటూత్ అక్కడే ఉంటాయి, మనుషుల ఒళ్లు కూడా ఆ తరంగాలని పీల్చేస్తుంది. గది నిండా మనుషులుంటే రేంజ్ తగ్గుతుంది. దానికి తోడు యూఎస్‌బీ 3.0 పోర్టులో డేటా నడుస్తుంటే అదే బ్యాండ్‌లో రొద పుడుతుంది, ఇంటెల్ 2012లోనే దీని మీద పేపర్ వేసింది. హార్డ్ డిస్క్ పక్క పోర్టులో రిసీవర్ పెట్టి మౌస్ బాలేదంటే ఎలా? ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని రిసీవర్‌ని లాప్‌టాప్‌కి దూరంగా, టేబుల్ అంచున పెట్టండి. చాలా ఫిర్యాదులు దాంతో పోతాయి.

ఆఫీసులో వాడేవాళ్లయితే ముందు ఐటీ వాళ్లని కనుక్కోండి. హైటెక్ సిటీ వైపు కొన్ని కంపెనీల లాప్‌టాప్‌లలో యూఎస్‌బీ పోర్టులు మూసేసి ఉంటాయి, సాఫ్ట్‌వేర్ ఎక్కించనివ్వరు. ఉదాహరణకి లాజిటెక్ స్పాట్‌లైట్ అనే ప్రెజెంటర్‌లో చూపించిన చోటు తప్ప మిగతా తెరంతా మసకబారుతుంది, కావాలంటే ఆ చోటు పెద్దదవుతుంది, ఆ వెలుగు స్క్రీన్ మీదే గీస్తుంది కాబట్టి ప్యానెల్ మీదా బాగుంటుంది, మొత్తం స్క్రీన్ షేర్ చేస్తే ఆన్‌లైన్ వాళ్లకీ అందుతుంది. మంచి వస్తువే, కానీ ఆ సౌకర్యాలన్నీ లాప్‌టాప్‌లో లాజిటెక్ సాఫ్ట్‌వేర్ ఉంటేనే వస్తాయి.

ఖర్చు పెట్టే ముందు ఖర్చు లేనివి కూడా చెయ్యండి. విండోస్ సెట్టింగుల్లో మౌస్ పాయింటర్‌ని పెద్దది చేసి పసుపు రంగు పెట్టుకోండి, వెనక బెంచీకి కూడా కనపడుతుంది. పవర్‌పాయింట్ స్లైడ్ షోలో కంట్రోల్ పట్టుకుని మౌస్ ఎడమ బటన్ నొక్కి లాగితే కర్సరే లేజర్ చుక్కలా మారుతుంది, అది షేర్‌లో కూడా కనపడుతుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే జూమ్‌ఇట్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంటే కంట్రోల్, 1 కలిపి నొక్కగానే తెర పెద్దదవుతుంది. కోడ్ చెప్పేవాళ్లకి అది లేకపోతే కుదరదు.

బ్యాటరీ విషయంలో నా ఓటు ట్రిపుల్ ఏ సెల్స్‌కే, సందు చివర కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి, క్లాసు మధ్యలో అయిపోయినా నిమిషంలో మార్చుకోవచ్చు. లోపలే బ్యాటరీ ఉండేవైతే టైప్-సీ ఛార్జింగ్ ఉన్నది చూడండి. ఇక రిసీవర్ మీద ఏదైనా రంగు టేప్ ముక్క అంటించండి. చాలా మోడళ్లలో ఆ రిసీవర్ ఆ మౌస్‌కి తప్ప ఇంకోదానికి కలవదు, తర్వాత వచ్చే ఫ్యాకల్టీ అది తన పెన్‌డ్రైవ్ అనుకుని పట్టుకెళ్లిపోతే చేతిలో మిగిలేది ప్లాస్టిక్ ముక్కే.