బాస్ బూస్ట్ తీసెయ్ మచ్చా

"స్పీకర్ చినిగిందా ఏంది మచ్చా?"

తిరుపతి బాలాజీ కాలనీ రూములో ఇప్పుడే వచ్చిన డౌటు. ఆడతా ఉండేది అమెరికా రాక్ బ్యాండ్ షెల్లాక్ ఆల్బం 'టు ఆల్ ట్రైన్స్'. 2014 తర్వాత వాళ్ల మొదటి ఆల్బం, 2024 మే 17న వచ్చింది. గిటారు వాయించిన స్టీవ్ ఆల్బినీ దానికి పది రోజుల ముందే పోయినాడు.

డౌటు తీరాలంటే వాల్యూమ్ సగానికి తగ్గించండి. గరగర అట్లనే ఉంటే చాలావరకు రికార్డింగులోదే. పోయిందంటే స్పీకరే తట్టుకోలేకుండా ఉండాది.

ఆ రేకు కోసినట్టుండే మోత గిటారుది. ట్రావిస్ బీన్ కంపెనీది, మెడ అల్యూమినియం. చెక్క మెడ మాదిరి కంపనాన్ని మింగదు, అందుకే అంత పదును. బాస్ బూస్ట్ పెడితే కింది మోత పైకొచ్చి ఆ పదునంతా మునిగిపోతాది. ఈక్వలైజర్ ఫ్లాట్‌లో, అంటే బాస్, ట్రెబుల్ ఏదీ పెంచకుండా తగ్గించకుండా పెట్టండి, అంతే. గొంతు రోంత వెనకే వినిపిస్తాది, మిక్సింగే అట్ల. డ్రమ్స్‌తో పాటు గది మోగేది వినాలంటే మాత్రం హెడ్‌ఫోన్సే దిక్కు, బ్లూటూత్ డబ్బాలో దొరకదు.

మొత్తం 28 నిమిషాలే. అలిపిరిలో బస్సెక్కితే కొండ మీద దిగేలోపల అయిపోతాది. ఘాట్ మలుపుల్లో వద్దులేండి, కడుపులో తిప్పుతాది.