అమ్మ దమ్ము, నిమిషానికి 320 లీటర్లు

మా ఊరు మిర్యాలగూడకు దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద. కాలువలో నీళ్లుంటే రెండు పంటలూ వరే. కోతలు మొదలై కల్లాల్లో వడ్లు ఎండబెట్టినప్పటి నుంచి కొనుగోలు కేంద్రంలో కాంటా అయ్యేదాకా ఊరంతా దుమ్మే. అమ్మకు దమ్ము, అంటే ఉబ్బసం, ఎక్కువయ్యేది కూడా ఆ రోజుల్లోనే.

డాక్టర్ ఇచ్చినవి రెండు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ పంపు (ఇన్‌హేలర్), ఇంకోటి రోజూ పొద్దున, రాత్రి చిన్న పరికరంలో పెట్టి పీల్చాల్సిన క్యాప్సూల్ పొడి మందు. అమ్మ మొదటిదే వాడేది. రెండోది ఎందుకు వదిలేశావంటే, "బాగనే ఉన్న కద బిడ్డా, ఊకె ఎందుకు పీల్చాలె?" అనేది. నేను హైదరాబాద్‌లో. ఫోన్‌లో ఎంతని అడుగుతాను?

ఇన్‌హేలర్‌కు తగిలించే సెన్సర్లు ఉన్నాయని తెలిసి ఆశపడ్డాను. ఎప్పుడు పీల్చారో అది ఫోన్‌కు చెబుతుంది. కానీ నాకు కనిపించినవన్నీ కొన్ని రకాల పంపులకే సరిపోతాయి. అమ్మ రోజువారీ మందు క్యాప్సూల్, దానికి తగిలించేదే దొరకలేదు. నల్లగొండలో మేం చూపించే డాక్టర్‌ను అడిగితే, ముందు పీక్ ఫ్లో మీటర్ తీసుకోమన్నారు. ఊపిరి ఎంత వేగంగా బయటికి వస్తుందో నిమిషానికి లీటర్లలో చూపిస్తుంది. బ్లూటూత్ ఉన్నదే కొన్నాను.

యాప్ అంతా ఇంగ్లిష్. అమ్మది బటన్ల ఫోన్, నాన్న స్మార్ట్‌ఫోన్ ఆయనతో పొలానికి పోతుంది. బ్లూటూత్ కలవాలంటే ఆ పాత ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేయాలని కనుక్కోవడానికే ఒక ఆదివారం పట్టింది. లెక్కలు మీటర్‌లోనే దాచుకుంటుంది కాబట్టి, రాత్రి నాన్న ఇంటికొచ్చాక ఫోన్‌లోకి ఎక్కేలా పెట్టాను.

మొదటి రెండు రోజులు 180, 280, 210. మీటర్ పాడైందేమో అని టెన్షన్. చూస్తే అమ్మ పొయ్యి ఊదినట్టు మెల్లగా, పొడవుగా ఊదుతోంది. నిలబడి, నిండా గాలి తీసుకుని, పెదవులు గట్టిగా మూసి, ఒక్కసారిగా ఊదాలి. మూడుసార్లు ఊది, అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది రాసుకోవాలి.

అసలు తప్పు మాత్రం ఏ మీటరూ పట్టలేదు. డాక్టర్ "నా ముందు పీల్చమ్మా" అన్నారు. అమ్మ క్యాప్సూల్ పరికరంలోకే ముందు ఊపిరి వదిలి, తర్వాత పీలుస్తోంది. ఆ తేమకు పొడి ముద్దకడుతుంది. వాడిన కొద్ది రోజులూ మందు సరిగా లోపలికి పోనేలేదు. ఆయన దగ్గర కూర్చోబెట్టి నేర్పించారు: ఊపిరి బయటికే వదిలి, పరికరం నోట్లో పెట్టుకుని గట్టిగా, లోతుగా పీల్చి, పది సెకన్లు బిగబట్టి, తర్వాత నోరు పుక్కిలించాలి.

రెండు వారాలకు అమ్మ అత్యుత్తమ అంకె 320 అని తేలింది. అందులో 80 శాతం 256, సగం 160. తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి క్యాలెండర్ పక్కన అంటించాను. 256 పైన రోజు మందు చాలు. దాని కింద డాక్టర్ రాసిచ్చిన అదనపు మందు, నాకు ఫోన్. 160 కిందికి పడితే పంపు పీల్చి వెంటనే ఆసుపత్రికి.

నవంబర్‌లో ఊళ్లో కోత మిషన్లు దిగాయి. పొద్దుటి అంకెలు 290, 270, 240. అమ్మ మాత్రం బాగానే ఉన్నానంటోంది, పిల్లికూతలు కూడా లేవు. అయినా డాక్టర్ చెప్పినట్టు మందు పెంచాం, నాన్న ఆమెను కల్లం దగ్గరికి పోనీయలేదు. అంతకు ముందు ఏడు ఇదే నెలలో అర్ధరాత్రి ఆటోలో నెబ్యులైజర్ కోసం పరుగెత్తాం. ఈసారి ఆ రాత్రి రాలేదు.

అంకెను తెలుగులో పలికి, ఏం చేయాలో చెప్పే యాప్ ఉంటే అమ్మకు నా అవసరమే ఉండేది కాదు. ఈ మాట తయారుచేసేవాళ్ల చెవిన పడాలని నిజంగా కోరుకుంటున్నాను.

మా పక్కింటి అబ్బాయి రైస్ మిల్లులో హమాలీ, రాత్రుళ్లు దగ్గు. డాక్టర్‌కు చూపించాక అతనికి బ్యాటరీ లేని మామూలు ప్లాస్టిక్ మీటర్ కొనిచ్చాను. అతని అంకెలు కూడా అమ్మే మా క్యాలెండర్ మీద రాసిపెడుతోంది.