రొయ్యల గుంటల మేత లెక్క: డ్రాప్‌డౌన్‌తో మూడు ఆదివారాలు

మా మామకి మైపాడు దగ్గర నాలుగు, అల్లూరు వైపు మూడు రొయ్యల గుంటలున్నాయి. మేత లెక్కంతా నోటుబుక్కులోనే. రోజుకి నాలుగు సార్లు మేత, ఏడు గుంటలు, అంటే రోజూ 28 రాతలు. పట్టుబడి అయ్యాక ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి ఎంత మేత పట్టిందో చెప్పే లెక్క) చూద్దామంటే కూడికలకే ఒక పూట పోతుంది. అందుకే షెడ్డులో ఉన్న పాత కంప్యూటర్ కోసం సీ షార్ప్‌లో విండోస్ ఫామ్స్ అప్లికేషన్ ఒకటి రాస్తున్నాను. డేటా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో. ఫామ్ చిన్నదే: గుంట ఎంచుకునే కాంబోబాక్స్ (డ్రాప్‌డౌన్ జాబితా), కిలోలు, సేవ్ బటన్.

మొదటి ఆదివారం

కాంబోబాక్స్‌లో కనిపించే పేరును టెక్స్ట్‌తో తీసుకుని, అదే పేరుతో టేబుల్లో వెతికి, వచ్చిన మొదటి వరుస కింద మేత రాయించాను. ఇంట్లో బాగానే పనిచేసింది. బుధవారం మామ ఫోన్ చేశాడు. మేత మిగిలిందో లేదో చూడటానికి గుంటలో దించే చెక్ ట్రేల సంగతి ఎత్తాడు.

"మైపాడు కాలవ గుంటకి ఇంత మేత ఎప్పుడేశాం రా అబ్బయా? పొద్దున చెక్ ట్రేల్లో మేత మిగిలే ఉండె కదా."

కాలవ గుంట అనే పేరు రెండు ఊళ్లలోనూ ఉంది. అల్లూరు కాలవ గుంట ఎంచుకున్నా మేత మైపాడు ఖాతాలోనే పడింది. ఎఫ్‌సీఆర్ అంటే వేసిన మేత కిలోలను పట్టిన రొయ్యల కిలోలతో భాగించడం. టన్ను రొయ్యలకి 1400 కిలోల మేత పడితే 1.4. ఒక గుంట మేత ఇంకో గుంటలో కలిస్తే రెండు లెక్కలూ పాడే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నోటుబుక్కు ఆపొద్దని ముందే చెప్పి ఉండబట్టి మూడు రోజుల లెక్క తిరిగి ఎక్కించగలిగాం.

రెండో ఆదివారం

ప్రతి గుంటకీ ఒక నంబరు ఇచ్చాను. కాంబోబాక్స్‌లో ఏది కనిపించాలో చెప్పే డిస్‌ప్లేమెంబర్‌కి పేరు, లోపల ఏది విలువగా ఉండాలో చెప్పే వాల్యూమెంబర్‌కి నంబరు. పేరు పక్కనే ఊరు కూడా కనిపించేలా క్వెరీలోనే కలిపాను. ఇక టెక్స్ట్ జోలికి పోకుండా, ఎంచుకున్న గుంట నంబరు ఇచ్చే సెలెక్టెడ్‌వాల్యూ తీసుకోవడమే.

కానీ ఫామ్ తెరవగానే ఎర్రర్. ఎంపిక మారినప్పుడల్లా నడిచే సెలెక్టెడ్‌ఇండెక్స్‌ఛేంజ్‌డ్ ఈవెంట్‌లో, ఎంచుకున్న గుంటకి చివరిసారి వేసిన మేత చూపించే కోడ్ పెట్టాను. జాబితా ఎక్కడి నుంచి నిండాలో చెప్పే డేటాసోర్స్ ఇవ్వగానే, ఎవరూ మౌస్ ముట్టకుండానే ఆ ఈవెంట్ నడిచింది. అప్పటికి వాల్యూమెంబర్ ఇవ్వలేదు కాబట్టి సెలెక్టెడ్‌వాల్యూలో నంబరు బదులు డేటారోవ్యూ, అంటే వరుస మొత్తం, వచ్చింది. దాన్ని స్ట్రింగ్ చేసి చూస్తే 'సిస్టమ్.డేటా.డేటారోవ్యూ' అని కనిపిస్తుంది. మీకూ అదే కనిపిస్తే ముందు కోడ్ లైన్ల క్రమం చూడండి. డిస్‌ప్లేమెంబర్, వాల్యూమెంబర్ ముందు ఇచ్చి, డేటాసోర్స్ చివర ఇవ్వాలి.

క్రమం మార్చినా ఈవెంట్ మాత్రం ఫామ్ తెరిచినప్పుడల్లా నడుస్తూనే ఉంది. మనిషి ఎంచుకున్నప్పుడే నడవాలంటే సెలెక్షన్‌ఛేంజ్‌కమిటెడ్ ఉంది. కోడ్‌లోంచి మార్చితే అది నడవదు. చివరి మేత చూపించే పనిని అందులోకి మార్చాను.

ఇంకో చోట కూడా గంట పోయింది. ఎస్‌క్యూలైట్ నంబరును లాంగ్‌గా (64 బిట్ల పూర్ణాంకంగా) ఇస్తుంది. నాకు కావాల్సింది ఇంట్ (32 బిట్లది). ముందు ఇంట్ అని బ్రాకెట్ పెట్టి నేరుగా మార్చబోతే ఒప్పుకోదు. కన్వర్ట్ టూఇంట్32 వాడితే సరిపోయింది.

మూడో ఆదివారం

ఈసారి షెడ్డులోనే కూర్చుని, మేత వేసే అబ్బాయి ఎలా వాడుతున్నాడో పక్కనుంచి చూశాను. చాలా ముందే చేయాల్సిన పని ఇది. గుంట ఎంచుకున్నాడు, కిందికి వెళ్దామని మౌస్ చక్రం తిప్పాడు. ఫోకస్ ఇంకా కాంబోబాక్స్ మీదే ఉంది కాబట్టి గుంట మారిపోయింది. అతను గమనించలేదు. మౌస్‌వీల్ ఈవెంట్‌లో హ్యాండిల్డ్‌ని ట్రూ చేసి ఆ దారి మూసేశాను.

డ్రాప్‌డౌన్‌స్టైల్‌ని డ్రాప్‌డౌన్‌లిస్ట్ చేశాను, పేరు టైప్ చేసే వీలు పోయింది. ఫామ్ తెరవగానే మొదటి గుంట దానంతటదే ఎంపికై ఉండటం నాకు మొదటి నుంచీ భయమే. అందుకే డేటా నిండాక సెలెక్టెడ్‌ఇండెక్స్‌ని -1 చేస్తున్నాను, అంటే ఏదీ ఎంపిక కానట్టు. సేవ్ నొక్కినప్పుడు అది -1గానే ఉంటే 'గుంట ఎంచుకోండి' అని చెప్పి ఆగిపోతుంది. ఎంచుకుని ఉంటే గుంట, ఊరు, కిలోలు పెద్ద అక్షరాల్లో చూపించి 'సరేనా' అని అడుగుతుంది.

సాయంత్రం ఆరు మేతకి ఆ అబ్బాయి ఏడు గుంటలూ తనే ఎక్కించాడు. మామ నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కో వరుసా వేలితో సరిచూశాడు. అన్నీ కలిశాయి. ఈ పంట పట్టుబడి అయ్యేదాకా బుక్కు కూడా రాస్తాం. వచ్చే వారం మందుల డ్రాప్‌డౌన్ మొదలుపెడతాను, దానికీ మొదటి రోజు నుంచే నంబర్లు.