వరిబీజం అనుకున్న గడ్డ

మా అత్తయ్య బాబుని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంది. పదహారు నెలలు నిండి వాడు పొడుగు సాగాడు, కాళ్ళ మీద ఇమడడు. అయినా ఆమె మానదు. కార్తిక మాసంలో ఒక ఉదయం సున్నిపిండి రుద్దుతూ చెయ్యి ఆపేసింది. "అమ్మాయీ, ఒకసారి ఇలా రా. కుడివైపు బీజం చూడు" అంది. స్కూలుకి బయలుదేరబోతున్న నేను సంచి గడప దగ్గర పెట్టి వెళ్ళాను. ఎడమది చింతపిక్కంత ఉంది. కుడివైపుది జీడిపిక్కంత ఉంది, గట్టిగా ఉంది. నొక్కినా వాడు ఏడవలేదు. నొప్పి లేదు కదా అని ఊరట పడ్డాను. ఈ గడ్డలు చాలావరకు నొప్పి లేకుండానే పెరుగుతాయని తరువాత తెలిసింది.

మాకు దగ్గరలో ఉన్న ఒక డాక్టరు చూసి, "వరిబీజం. సోమవారం తీసుకురండి, సూదితో నీరు తీసేద్దాం" అన్నారు. టార్చి వేసి కూడా చూడలేదు. నీరు ఉంటే, చీకటి గదిలో టార్చి ఆనించగానే సంచి ఎర్రగా వెలుగుతుంది. గట్టి గడ్డ అయితే వెలుగు అవతలికి రాదు. ఇంత చిన్న పరీక్ష ఉందని నాకు అప్పుడు తెలియదు. నన్ను ఆపింది అత్తయ్యే. "నలుగురు పిల్లలకి నీళ్ళు పోసిన చెయ్యి ఇది. నీరైతే నాకు తెలియదా?" అంది. మావారు సైన్యంలో ఉన్నారు, ఆ రెండు రోజులూ ఫోను కలవలేదు. ఆదివారం సాయంత్రం ఆమదాలవలసలో రైలెక్కాం. సోమవారం ఉదయం విశాఖపట్నంలో పిల్లల శస్త్రవైద్యుడి గది ముందు కూర్చున్నాం.

అల్ట్రాసౌండ్‌లో నీరు లేదు, గడ్డే ఉంది. ఇలాంటి కొన్ని గడ్డలు రక్తంలోకి వదిలే ఆల్ఫా ఫీటో ప్రోటీన్ 4,800 వచ్చింది. అప్పుడే పుట్టిన పిల్లల్లో ఇది ఎలాగూ ఎక్కువగా ఉండి, ఏడాది తిరిగేసరికి దిగిపోతుందట. మావాడి వయసుకి పది లోపల ఉండాలి. యోక్ శాక్ ట్యూమర్ కావచ్చని డాక్టరుగారు చెప్పారు. పసివయసులో వృషణానికి వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది అదే.

సూది సంగతి చెప్పగానే ఆయన చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వృషణాలు మూత్రపిండాల దగ్గర తయారై, తరువాత కిందికి దిగుతాయి. దిగేటప్పుడు తమ రక్తనాళాలనూ, లింఫు అనే ద్రవాన్ని మోసే నాళాలనూ వెంట తెచ్చుకుంటాయి. అందుకే వృషణంలో పుట్టిన క్యాన్సర్ కణాలు వ్యాపిస్తే పైకి, నడుము లోపల ఉన్న గ్రంథుల వైపు వెళతాయి. సంచి చర్మానిది వేరే దారి, దాని లింఫు గజ్జల్లోని గ్రంథులకు చేరుతుంది. సంచిలోంచి సూది గుచ్చినా, అక్కడ కోసినా ఆ రెండో దారిని మనమే తెరిచినట్టు. కాబట్టి గాటు గజ్జలోనే పెట్టాలి. పైనుంచి వచ్చే నాళాల తాడును ముందుగా బిగించి, ఆ తరువాతే వృషణాన్ని పైకి తీయాలి. బొమ్మ మీద ఆయన కలం కిందినుంచి పైకి కదులుతుంటే, సోమవారం తేదీ నా కళ్ళ ముందు ఆడింది.

"గడ్డ ఒక్కటే తీసి మిగతాది ఉంచలేరా?" అని అడిగాను. అడగవలసిన ప్రశ్నేనని అన్నారు. యుక్తవయసు రాని పిల్లల్లో వచ్చే ఈ గడ్డల్లో హాని చేయనివే ఎక్కువ. టెరటోమా, ఎపిడెర్మాయిడ్ తిత్తి లాంటివి. ఆల్ఫా ఫీటో ప్రోటీన్ మామూలుగా ఉండి, స్కాన్‌లో మంచి కణజాలం మిగిలి కనిపిస్తే, గజ్జలోంచే వెళ్ళి గడ్డను మాత్రం ఒలిచి తీస్తారు. పిల్లవాడు మత్తులో ఉండగానే ఆ ముక్కను బాగా చల్లబరిచి గట్టిపరిచి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. హాని లేనిదని తేలితే వృషణాన్ని మళ్ళీ సంచిలో పెట్టేస్తారు. అనవసరంగా వృషణం పోగొట్టుకునే పిల్లలు ఉండకూడదు, అందుకే ఇది రాస్తున్నాను. యుక్తవయసు దాటిన కుర్రాళ్ళ విషయం వేరు, వాళ్ళలో టెరటోమాను కూడా క్యాన్సర్‌గానే చూస్తారు. 4,800 ఉన్న మావాడికి మాత్రం తీసేయడమే దారి. ఒక్క వృషణం ఉన్నా ఎదుగుదలకూ, పిల్లలు పుట్టడానికీ సాధారణంగా సరిపోతుందని, కావాలంటే పెద్దయ్యాక కృత్రిమమైనది అమర్చుకోవచ్చని చెప్పారు. సంతకం నేనే పెట్టాను.

ఆపరేషన్ త్వరగానే అయిపోయింది. మర్నాటికి వాడు మంచం దిగడానికి మారాం చేశాడు.

అసలు పరీక్ష తరువాత మొదలైంది. గడ్డ పూర్తిగా పోతే ఆ ప్రోటీన్ సుమారు ఐదు రోజులకొకసారి సగమవుతూ రావాలి. నేను లెక్కల టీచర్ని. గోడ క్యాలెండర్ మీద రాసుకున్నాను: 4,800, 2,400, 1,200, 600, 300... పదిసార్లు సగమైతే ఐదుకు దిగుతుంది. అంటే యాభై రోజులు. నెల రోజులకు నా లెక్క 75, రక్తపరీక్షలో 82 వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. రెండు నెలలకు పది లోపలికి వచ్చింది.

స్కాన్‌లో గడ్డ వృషణం దాటలేదని తేలింది కాబట్టి కీమో ఇవ్వలేదు, కనిపెట్టుకుని ఉండటమే. ప్రతి నెలా రక్తపరీక్ష, మధ్యమధ్య పొట్టకు స్కాన్, ఛాతీకి ఎక్స్‌రే. నడుము లోపలి గ్రంథులు తీసే పెద్ద ఆపరేషన్ ఈ వయసులో చాలా అరుదుగానే అవసరమవుతుందట. మళ్ళీ వస్తే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుతో కలిపి మందులు ఇస్తారు, అప్పుడు కూడా దాదాపు అందరూ కోలుకుంటారని చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను నిద్రపోతున్నాను.

మా జిల్లాలో ఎవరికైనా ఇలాంటిది కనబడితే సూదికి ఒప్పుకోవద్దని బతిమాలుకుంటున్నాను. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో పిల్లల శస్త్రచికిత్స విభాగం ఉంది, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. గాటు ఎక్కడ పెడతారో, గడ్డ ఒక్కటే తీసే వీలుందో లేదో ముందే అడగండి.

మొన్నటి పరీక్షలో 3 వచ్చింది. అత్తయ్య ఇంకా వాడిని కాళ్ళ మీదే పడుకోబెట్టుకుంటోంది, వాడు తన్నుకుంటున్నా సరే. సున్నిపిండి రుద్దేటప్పుడు ఎడమవైపు ఒకసారి చెయ్యి ఆపి చూస్తుంది.