పద్నాలుగు డాలర్ల పెంపు

డిసెంబరులో, ఇక్కడ అమెరికాలో రిటైరైనవాళ్లకి సర్కారు పెన్షన్ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ వాళ్ల ఉత్తరం వచ్చింది. ఆన్‌లైన్లో ముందే చూసుకోవచ్చమ్మా అని మా అమ్మాయి ఏటా చెబుతూనే ఉంటుంది. నాకు కాగితం చేతికొస్తేనే నమ్మకం. వంటింటి బల్ల మీద ఉత్తరం పరిచి, కళ్లజోడు తుడుచుకుని, కాలిక్యులేటర్ తీసుకుని కూర్చున్నాను.

2025లో నా బెనిఫిట్ నెలకు 1,140 డాలర్లు. న్యూజెర్సీ చలిలో తెల్లారకుండా కారు మీద మంచు గీక్కుని డేకేర్‌కి వెళ్లిన పదహారేళ్లకి వస్తున్న డబ్బు అది. భార్యగా మా ఆయన దాంట్లో సగం లెక్కన తీసుకోవచ్చంటారు కానీ, ఆ సగం కన్నా నా సొంతదే ఎక్కువ. ఈ మాట ఇంట్లో అవసరం ఉన్నా లేకపోయినా అంటూ ఉంటాను.

2026కి కోలా (ధరలను బట్టి ఏటా ఇచ్చే పెంపు) 2.8 శాతం. అంటే 1,171 డాలర్ల 90 సెంట్లు. అందులోంచి మెడికేర్ పార్ట్ బి, అంటే పెద్దవాళ్లకి సర్కారు నడిపే ఆరోగ్య బీమాలో డాక్టర్ల ఖర్చు చూసే భాగం, దాని ప్రీమియం 202.90 ముందే కోసుకుంటారు. చేతికొచ్చేది 969. నిరుడు పార్ట్ బి 185 పోను 955 వచ్చేది. తేడా పద్నాలుగు డాలర్లు. టీవీలో 2.8 అని వినిపించింది నా అకౌంటు దాకా వచ్చేసరికి ఒకటిన్నర శాతం కూడా లేదు.

అదే వారం, మెడికేర్ కట్టగా మిగిలే ఖర్చు చూసే సప్లిమెంటు ఇన్సూరెన్సు కంపెనీ నుంచి కూడా ఒక ఉత్తరం. 'మీ ప్లాన్ జీ ప్రీమియం నెలకు పదహారు డాలర్లు పెరుగుతోంది' అని. వయసు పెరిగిందట. ఆ సంగతి నా మోకాళ్లు ముందే చెప్పాయి. దానికి తోడు పార్ట్ బి డిడక్టిబుల్, అంటే ఏటా ముందు మనమే కట్టుకోవాల్సింది, 257 నుంచి 283కి వెళ్లింది, ప్లాన్ జీ అది కట్టదు. కాబట్టి సర్కారు నా జీతం పెంచిన సంవత్సరంలో నేను నెలకు రెండు డాలర్లు వెనకబడ్డాను.

"ఎందుకిలా?" అని మా ఆయన్ని అడిగితే ఆయన పాత ఇంజనీరు కదా, ఒక కాగితం తీశారు. కోలాకి ఆధారం సీపీఐ-డబ్ల్యూ అనే ధరల సూచీ. జూలై, ఆగస్టు, సెప్టెంబరు సగటు తీసుకుని, కిందటేడు అవే మూడు నెలల సగటుతో పోలుస్తారు. ఈసారి ప్రభుత్వం మూతపడటంతో సెప్టెంబరు లెక్క ఆలస్యమై, కోలా ప్రకటన అక్టోబరు 24 దాకా రాలేదు. ఇంతకీ ఆ డబ్ల్యూ ఎవరయ్యా అంటే, పట్నాల్లో ఉద్యోగాలు చేసుకునే జీతగాళ్లు. వాళ్ల బుట్టలో ఆఫీసుకి వెళ్లే పెట్రోలు ఎక్కువ, మందులూ డాక్టర్లూ తక్కువ. నా బుట్టలో తిరగేసి ఉంటుంది. వాళ్ల బుట్ట తూచి నాకు కూలి ఇస్తున్నారన్నమాట. ధరలు పెరగలేదని 2010, 2011, 2016లో అసలు ఏమీ పెంచలేదు. పార్ట్ బికి ఆ సూచీతో పనే లేదు. వైద్యం ఖర్చు అంచనా వేసి, అందులో పావు వంతు వచ్చేలా ప్రీమియం నిర్ణయిస్తారు.

ప్రీమియం ఎప్పుడూ పైకే పోతుందనీ కాదు. 2022లో 148.50 నుంచి ఒక్కసారిగా 170.10 చేశారు. అల్జీమర్స్‌కి అడుహెల్మ్ అని కొత్త మందు వచ్చింది, అందరికీ అదే రాస్తే ఎంతవుతుందోనన్న భయం పెద్ద కారణం. తీరా అంత ఖర్చు కాలేదు. 2023లో 164.90కి దించారు. ఆ ఏడే కోలా 8.7 శాతం. నేను మెడికేర్‌లో అడుగుపెట్టింది ఆ సంవత్సరమే. ఏటా ఇలాగే ఉంటుందనుకున్నాను, అమాయకురాల్ని.

గుళ్లో కలిసే ఒక పిన్నిగారికి నెలకు 590 వస్తుంది. ఆవిడ లెక్క వేరు. కోలా వల్ల పెరిగేది పదహారున్నర, పార్ట్ బి పెరిగింది 17.90. అలాంటప్పుడు చేతికొచ్చే డబ్బు తగ్గకూడదని చట్టంలో ఒక రక్షణ ఉంది, ఆ మేరకు ప్రీమియాన్ని ఆపుతారు. ఆవిడకి పెరగదు, తరగదు. కొత్తగా చేరినవాళ్లకీ, ఆదాయం ఎక్కువని అదనంగా కట్టేవాళ్లకీ ఈ రక్షణ లేదు.

ఆ అదనం సంగతి మాకు బాగా తెలుసు. 2023 చివర్లో ఒక ఉత్తరం వచ్చింది, అందులో ఇర్మా అని. ఆ పేరుతో ఫ్లోరిడాలో తుఫాను వచ్చిందని గుర్తుంది కానీ, మా ఇంటికెందుకు వచ్చిందో అర్థం కాలేదు. ఆదాయం ఎక్కువున్నవాళ్ల మీద మెడికేర్ వేసే అదనపు ప్రీమియం పేరట అది. విషయం ఏమిటంటే 2022లో హైదరాబాద్ శివార్లలో మా ప్లాటు అమ్మాం. ఇక్కడి పౌరులం కాబట్టి ఆ లాభం ఇక్కడి రిటర్నులో చూపించాం, పన్ను కట్టాం, అయిపోయిందనుకున్నాం. మెడికేర్ మాత్రం రెండేళ్ల కిందటి రిటర్ను చూస్తుంది. 2024కి దంపతులకి ఆదాయం గీత 206,000 డాలర్ల దగ్గర ఉంది, ప్లాటు లాభంతో మేము అది దాటాం. పార్ట్ బి 174.70 బదులు 244.60, మందుల ప్లాన్ మీద ఇంకో 12.90. ఇద్దరికీ కలిపి అదనం నెలకు 165.60. ఏడాదికి దాదాపు రెండు వేలు. ఆదాయం తగ్గింది, ఈ అదనం తగ్గించండి అని అడిగే ఎస్‌ఎస్‌ఏ-44 ఫారం పెట్టుకోవచ్చని ఎవరో అంటే, ఏ కారణాలు ఒప్పుకుంటారోనని ఆశగా చదివాను. ఉద్యోగం మానేయడం ఉంది, విడాకులున్నాయి, భర్త పోవడం ఉంది. ప్లాటు అమ్మడం లేదు. ఆ జాబితా చదువుతుంటే మా ఆయన నా వంక అనుమానంగా చూశారు.

పన్నులు చూసే ఆయన ముందే ఒక్క మాట చెబితే బాగుండేది. మనం మాత్రం అడిగామా?

మంచి కూడా చెప్పాలి. మా ఆయనకి షుగర్. ఇన్సులిన్ నెలకు 35 డాలర్లు దాటదు. మెడికేర్ మందుల ప్లాన్ పార్ట్ డిలో, మందులకి మన జేబులోంచి పోయేదానికి 2025లో 2,000 అని హద్దు పెట్టారు, ఈ ఏడు 2,100. ప్లాను మార్చుకునే రోజుల్లో, అంటే అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా, ఫ్రిజ్ మీద ఆయన మందుల చీటీ అంటించి ఉంటుంది. ఏటా ఆ పేర్లన్నీ మెడికేర్ సైటులో కొట్టి చూస్తాను. నిరుడు చవగ్గా వచ్చిన ప్లాను ఈ ఏడు అలాగే ఉంటుందన్న భరోసా లేదు.

ఇండియాలో కొన్నాళ్లు ఉండాలనుకునేవాళ్లకి ఒక మాట. అక్కడ మెడికేర్ పనిచేయదు, ప్రీమియం మాత్రం ఇక్కడ పోతూనే ఉంటుంది. అలాగని పార్ట్ బి మానేస్తే, తిరిగొచ్చాక ఖాళీగా ఉన్న ప్రతి పన్నెండు నెలలకీ పది శాతం జరిమానా, అదీ ఎప్పటికీ. మా వదినగారు మూడేళ్లు మానేసి ఇప్పుడు ముప్పై శాతం ఎక్కువ కడుతున్నారు.

ఈ పోస్టు రాస్తుండగా మా మరిది ఊరి నుంచి ఫోన్ చేశాడు. నాన్నగారి ఇంటికి మంచి బేరం వచ్చిందట. "సంక్రాంతి వెళ్లాక రిజిస్ట్రేషన్ పెట్టేద్దాం అన్నయ్యా" అంటున్నాడు. మా ఆయన ఫోన్ నా చేతికిచ్చారు. ఈ ఏడు అమ్మితే అది 2028 లెక్కలోకి వస్తుంది. లాభం రెండేళ్లకి పంచితే ఆ గీత దాటమేమోనని, సగం డబ్బు, సగం వాటా ఈ డిసెంబరులో, మిగతా సగం వచ్చే జనవరిలో కుదురుతుందేమో అడిగాను.

"ఇల్లు ముక్కలుగా ఎలా అమ్ముతాం వదినా?" అన్నాడు.

కాలిక్యులేటర్ ఇంకా బల్ల మీదే ఉంది. రేపు మళ్లీ చేస్తానన్నాను.