శృతి కుదరని రీలు: నా అనుభవం

ఒక పాత టేపు రీలును డిజిటల్‌లోకి మార్చి, నిన్న రాత్రి చివరి ఫైలు ఆ రీలు తాలూకు కుటుంబానికి పంపేశాను. ఒక అమెరికన్ జాజ్ గిటారిస్టు 1961లో ఐదుగురి బృందంతో రికార్డు చేసిన సెషన్ ఇది. విడుదల కాలేదు. రీలు ఈమధ్యే వాళ్ల ఇంట్లో అటక మీద బయటపడింది. పేరున్న జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గొమరీ 1950ల చివర ఇండియానాపోలిస్‌లో వాయించిన టేపులు 2012లో గానీ బయటికి రాలేదు. కాబట్టి ఇలాంటి రీలు దొరికితే ముందు జాగ్రత్తగా చూడాలి.

బల్బుకు అడ్డం పెడితే వెలుతురు దాటింది, అంటే అసిటేట్ టేపు. దాన్ని వేడి చెయ్యకూడదు. 54 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు ఉంచే పద్ధతి 1970ల నుంచి వచ్చిన, జిగురు తేలే పాలియెస్టర్ టేపులకే. అసిటేట్ పాడైతే వచ్చే వెనిగర్ వాసన లేదు. ఎండి ఊడిన అతుకులు పదకొండు, అన్నీ మళ్లీ అతికించాను. సెకనుకు 15 అంగుళాల వేగం, నాబ్ ఈక్వలైజేషన్ (హెచ్చు, తగ్గు స్వరాల పాళ్లకు అమెరికా ప్రమాణం). మోనో కాబట్టి స్టీరియో హెడ్‌తో చదివి, ఒక చానల్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది అతి తక్కువ అయ్యేదాకా అజిముత్ స్క్రూ (టేపుకు హెడ్ నిలువుగా ఉండే కోణాన్ని సరిచేసేది) తిప్పాను. డిజిటల్ ఫైలు 96 కిలోహెర్ట్జ్, 24 బిట్.

అసలు తిప్పలు శృతి దగ్గర మొదలయ్యాయి. పాట బి ఫ్లాట్, బి అనే పక్కపక్క స్వరాలకు సరిగ్గా మధ్యలో పలుకుతోంది. పైకి జరపాలా, కిందికా? చెవి రెండింటికీ ఒప్పుకుంటుంది. ఇలాంటప్పుడు ఆధారం గిటార్ యాంప్ హమ్, అంటే కరెంటు వల్ల టేపులో పడిన సన్నని గుయ్‌మనే మోత. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అసలు వేగంలో హమ్ కూడా 60 దగ్గరే ఉండాలి. కొలిస్తే సరిగ్గా 60.0 వచ్చింది. వేగం సరిగ్గానే ఉందనుకుని రెండు రోజులు పియానో మీద అనుమానపడ్డాను. అది తప్పు. మూడో రోజు టేపు ఆపినా హమ్‌ను చూపే గీత తెర మీద అలాగే నిలబడి ఉంది! అది ఇక్కడి 60 హెర్ట్జ్ కరెంటు నుంచి నా డెక్ (టేపు వాయించే యంత్రం)లోకి వచ్చిన హమ్, గ్రౌండ్ లూప్ (ఎర్తింగ్ తీగల చుట్టు వల్ల వచ్చే మోత). కేబుల్ మార్చి, రెండు టేకుల మధ్య ఎవరూ వాయించని చోట పది సెకన్ల ముక్క తీసుకుంటే అసలు గీత కనిపించింది: మొదటి టేకులో 61.2, చివరి టేకులో 61.8. రెట్టింపు దగ్గర 123.6 కూడా ఉంది కాబట్టి సందేహం లేదు. ఆనాటి యంత్రం నెమ్మదిగా తిరిగింది, పోనుపోను ఇంకా నెమ్మదించింది. అందుకే చివరి టేకు ఇప్పుడు 3 శాతం వేగంగా, అర స్వరంలో సగం పైకి వినిపిస్తోంది. గిటార్ కింది ఇ తీగ 82.4కి బదులు 84.9 దగ్గర పలకడం కూడా దీనికి సరిపోయింది. ఒకే శాతం తగ్గిస్తే మొదటి టేకు శృతి దిగిపోతుంది. అందుకని ప్రతి ఖాళీ చోటా హమ్ కొలిచి, ఆ వంపు ప్రకారం వేగం సరిచేశాను.

ఈ కుటుంబం ఇంతకుముందే ఒక ల్యాబుకు డబ్బు కట్టి సీడీ చేయించుకుంది. ఆ ల్యాబువాళ్లు "శుభ్రం చేశాం" అని 80 హెర్ట్జ్ కింద మొత్తం కోసేశారు. హమ్‌తోపాటు బేస్ వాద్యం నిండుతనమూ పోయింది, వేగం తెలుసుకునే దారీ చాలావరకు మూసుకుపోయింది. ముందు శుభ్రం చేస్తాం అనేవాళ్లకు రీలు ఇవ్వకండి. ఏమీ ముట్టని ఫైలు కావాలని రాసిచ్చి తీసుకోండి.

ఇండియాలో మన ఇళ్లలో పాత కచేరీ రీళ్లుంటే 50 హెర్ట్జ్ వెతకాలి. కానీ అక్కడ కరెంటు ఫ్రీక్వెన్సీ చాలాకాలం 50 కిందా మీదా ఊగేది. ఒక్క హమ్‌నే నమ్మకుండా తంబూరా శృతితో సరిచూసుకోండి. గాయకుడి శృతి ఎంతో తెలిస్తే ఇంకా మంచిది.

రీలును రికార్డింగ్ చివరి భాగం బయటి పొరలో ఉండేలా, ప్లే వేగంతోనే చుట్టి ఇచ్చాను. సరిచేయని ఫైలూ, హమ్ కొలతల పట్టికా కూడా దానితోనే పెట్టాను.